వాసన తెలియని మా అత్త చేసిన పొడి

మా మేనత్త గత ఆదివారం పొద్దున నిద్రలోనే కన్నుమూసింది. కబురు అందేసరికి నేను మారతహళ్ళి దగ్గర బస్సులో ఉన్నాను. తర్వాతి స్టాపులో దిగి, ఎటు వెళ్ళాలో తోచక కాసేపు అక్కడే నిలబడిపోయాను.

ముప్పై ఏళ్ళు ఆమె సాంబారు పొడి, రసం పొడి ఇంట్లోనే చేసి అమ్మింది. ధనియాలు వేగిందీ లేనిదీ వాసన పట్టే చెప్పేది. వంటింట్లో నేను కలుపుతుంటే, ముందు గదిలోంచే "మంట తగ్గించప్పా" అనేది.

నాలుగేళ్ళ కింద ఆమెకు ముక్కు వెనకాల, పుర్రె అడుగున గడ్డ ఉందని తేలింది. తీయకపోతే చూపు పోవచ్చు, తీస్తే వాసన పోవచ్చు అన్నాడు డాక్టరు. "కండ్లుంటే ఎట్లో బతకొచ్చు. తీసేయండప్పా" అంది అత్త.

ఆపరేషన్ బాగానే జరిగింది. చూపు నిలిచింది. వాసన మాత్రం తిరిగి రాలేదు.

"ఉప్పు, పులుపు, కారం తెలుస్తాయి. మిగతాదంతా అట్టముక్క నమిలినట్టుండాది" అంది నాతో. ఆ మాట ఇంకెవరికీ చెప్పొద్దంది. తెలిస్తే పొడి కొనడానికి ఎవరూ రారని భయం. గడియారం చూసి వేయించేది. రెండుసార్లు మెంతులు మాడాయి. ఆ సంగతి ఆమెకు తెలియలేదు, నేను చెప్పలేదు. కొనేవాళ్ళలో ఇద్దరు రావడం మానేశారు.

ఒక పొద్దున నేను తలుపు తోసేసరికి ఇల్లంతా గ్యాసు. అత్త స్టవ్ ముందు నిలబడి ఉంది, చేతిలో లైటరు. పరుగెత్తి ఆమె మణికట్టు పట్టుకున్నాను. కోపంగా చూసింది.

"గ్యాసు, అత్తా" అన్నాను.

సిలిండరు వాల్వు కట్టేసి, కిటికీలు తెరిచి, ఇద్దరం బయట మెట్లమీద కూర్చున్నాం. "పక్కింట్లో పసిబిడ్డ ఉండాది కదప్పా" అంది. మాడిన మెంతుల సంగతి కూడా అప్పుడే చెప్పేశాను. తల దించుకుని విన్నది.

ఆ వారమే గ్యాసు అలారం గోడకు పెట్టించుకుంది. పొడి కోసం వచ్చిన ప్రతి మనిషికీ తనే చెప్పింది. "నాకు వాసన తెలీదు. మీరు చూసి, బాగుంటేనే తీసుకోండి."

పోతారనుకున్నవాళ్ళు పోలేదు. వంటింట్లోకొచ్చి, బాణలి పక్కన నిలబడి, ఎప్పుడు దించాలో చెప్పేవాళ్ళు. "తెలీనిది తెలీదని చెప్పేదానికి నాకు అరవై ఏండ్లు పట్టె" అనేది అత్త.

శనివారాలు ఆ పని నాది. వేగిన జీలకర్ర చిటికెడు అరచేతిలో పోసుకుని నా ముక్కు దగ్గర పెట్టేది. నేను జవాబు చెప్పేదాకా రెప్పవేయకుండా నా మొహంలోకే చూసేది. వేడికి అరచెయ్యి ఎర్రబడుతున్నా దించేది కాదు.