మోకాలి మీద సీసపు గుండ్లు

నిన్న పరుపు ఎత్తి దులుపుతుంటే కింద నుంచి ఒక పెద్ద నల్ల స్కానింగ్ ఫిల్ము బయటపడింది. మా చెల్లెలి కూతురి మోకాలిది. నాలుగేళ్ల కిందట ఏమీ అర్థం కానప్పుడు ఎంత తిప్పి తిప్పి చూశానో, అంతా తెలిసిన ఇప్పుడూ కిటికీ దగ్గర అంతసేపే చూశాను. దులపడం అక్కడితో ఆగిపోయింది.

పులికాట్ సరస్సు ఒడ్డున మా ఇళ్లలో వల బాగుచేయాలంటే నేల మీద కూర్చుని, కాలు బారజాపి, వలను బొటనవేలికి తగిలించి బిగువుగా పట్టాలి. మా అమ్మ ఆ పనిలో దిట్ట. మనవరాలికి పన్నెండేళ్లు రాగానే సెలవుల్లో పక్కన కూర్చోబెట్టుకుంది. పిల్ల వేళ్లు చురుకే, కుడి మోకాలే నేలకు ఆనదు. వల వదులైపోతుంది. పైగా కాలు మడిచినప్పుడల్లా టక్కుమని చప్పుడు. అదెక్కడి నుంచి వస్తోందో కనిపెడదామని నేనే సిగ్గులేకుండా నాలుగైదుసార్లు మడిపించాను. అమ్మ మాత్రం అది బద్ధకం అనుకుంది. "కాలు చాపు మే, బరువు పెడితే అదే సాగతాది" అంటూ వలకు కట్టే సీసపు గుండ్ల దండ తెచ్చి మోకాలి మీద పెట్టింది. పిల్ల రోజూ పళ్లు బిగబట్టి కూర్చునేది. ఒకరోజు మోకాలు మడతలోనే పట్టేసింది. ఇక లేవలేకపోయింది.

నెల్లూరులో డాక్టరుగారు ఫిల్మును వెలుగులో పెట్టి చూపించారు. మోకాలి ఎముకల మధ్య నెలవంక ఆకారంలో మెత్తలాంటిది ఒకటి ఉంటుందట. మా పిల్లకు పుట్టుకతోనే అది నిండు బిళ్లలా ఉంది. అది అడ్డుపడే కాలు సాగడం లేదు, అంచు కూడా చిరిగింది. చంద్రుణ్ణి చూసి చేపల వేటకు పోయే మాకు ఆ ఆకారాలు ఇట్టే అర్థమయ్యాయి. అమ్మకు కావలసింది వేరే. "గుండ్లు పెట్టినాను సామీ. నేనే చెడగొట్టినానా?" అంది. ఆయన దాచలేదు. "బిళ్ల పుట్టుకతో వచ్చిందమ్మా, మీ వల్ల కాదు. చిరుగు ఎప్పుడు పడిందో నేను చెప్పలేను. బరువులు మాత్రం ఇంక పెట్టొద్దు." అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకు కోపమూ జాలీ కలిసే వచ్చాయి.

"అడ్డమే కదా సార్, మొత్తం తీసేయండి" అంది పిల్ల. ఆయన నవ్వారు. వెనకటికి అలాగే తీసేసేవారట. పిల్లలు కొన్నాళ్లు బాగానే పరుగెత్తినా, పెద్దయ్యాక ఎముకలు రాసుకుని మోకాళ్లు అరిగిపోయేవట. అందుకే చిన్న రంధ్రాల్లోంచి సన్నటి పనిముట్లు పంపి నడుమ భాగం మాత్రం చెక్కి, చిరిగిన అంచుకు కుట్లు వేస్తామన్నారు. కుట్లు అనేసరికి అమ్మ తల ఎత్తింది. "అంచు మాత్రం పోనీయద్దు సామీ" అంది, వల గురించి చెప్పినట్టే.

ఆపరేషన్ అయింది. కొన్ని వారాలు చంకకర్రలు, నెలల తరబడి వ్యాయామాలు. ఒక పొద్దున పిల్ల నేల మీద కాలు బారజాపింది. అమ్మ ఆ మోకాలి కింద చెయ్యి దూర్చబోయింది. దూరలేదు, మోకాలు నేలకు ఆనిపోయింది. అక్కడే కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. ఆ పిల్ల అరవయ్యో ఏట ఎలా నడుస్తుందో చూడడానికి అమ్మ ఉండదు, నేనూ ఉండను. మేం ఎన్నటికీ చూడబోని ఆ పెద్దావిడ కోసమే ఆపరేషన్ రోజంతా ఆసుపత్రి బల్ల మీద కూర్చున్నామని ఇప్పుడు తెలుస్తోంది.