బొంగరం సిఫారసు చేసిన పుస్తకం

ఆ పుస్తకాల షాపులో అతన్ని అందరూ బొంగరం అనే పిలుస్తారు. ఆ పేరు ఎవరు పెట్టారో గుర్తున్నవాళ్ళు లేరు గానీ, ఎందుకు పెట్టారని అడిగినవాళ్ళూ లేరు. నలభై ఆరేళ్ళ మనిషి, బక్కపలచన, ఒక్కచోట నిలబడితే ఒట్టు. బేరం లేనప్పుడు కూడా అరల ముందు అటూ ఇటూ తిరుగుతూనే ఉంటాడు. పొద్దున ఎత్తు ప్రకారం సర్దిన పుస్తకాలను మధ్యాహ్నం రంగు ప్రకారం సర్దుతాడు, సాయంత్రానికి అదీ నచ్చక అన్నీ కిందికి దింపుతాడు. చూడలేక యజమాని కౌంటరు వెనక ఒక ఎత్తు స్టూలు వేయించాడు. ఇప్పుడు దాని మీద బిల్లు మెషీను కూర్చుంటోంది.

అతను చూసుకునేది వ్యక్తిత్వ వికాసం పుస్తకాల విభాగం. షాపు మొత్తంలో గిరాకీ దానికే. కథల పుస్తకాల దగ్గర జనం తీరిగ్గా నిలబడతారు, వంటల పుస్తకాల దగ్గర కబుర్లాడుకుంటారు. ఇక్కడికి మాత్రం మందుల షాపుకు వచ్చినట్టు వస్తారు. ప్రమోషన్ రానివాడు వస్తాడు, అది వచ్చాక నిద్ర పట్టనివాడు వస్తాడు, నలుగురి ముందు నోరు పెగలని అమ్మాయి తండ్రిని వెంటబెట్టుకుని వస్తుంది. అందరూ అడిగేది ఒకటే, ఏదైనా మంచి పుస్తకం చెప్పమని. చెప్పడమైతే బొంగరానికి వెన్నతో పెట్టిన విద్య.

అన్నీ చదివేశాడా అంటే, ఒక్కటీ చదవలేదు. చదవాలంటే కూర్చోవాలి కదా. అయితే వెనక అట్ట మీద ఉన్న నాలుగు ముక్కలూ అతనికి కంఠతా వచ్చు. ఆపైన, వచ్చిన మనిషి చెప్పుల అరుగుదల, సంచీ పట్టుకున్న తీరు చూస్తే ఏ పుస్తకం చేతిలో పెట్టాలో తెలిసిపోతుందంటాడు. అవతలి మనిషి కొనాలా వద్దా అని ఊగిసలాడుతున్నప్పుడు కాస్త దగ్గరికి జరిగి, గొంతు తగ్గించి, "మీకు చెప్పకేం, నా జీవితాన్ని మార్చేసిన పుస్తకమండీ ఇది" అంటాడు. ఆ మాటకు పడనివాళ్ళు తక్కువ. పక్కన స్కూలు పుస్తకాలు అమ్మే ఆవిడ మాత్రం నవ్వాపుకోలేదు. ఆవిడ లెక్కలో బొంగరం జీవితం రోజుకు నాలుగుసార్లు మారుతుంది, చొక్కా మాత్రం అదే.

ఇందులో మోసం ఉందని అతనికి ఏనాడూ తోచలేదు. బెరుకుగా వచ్చిన మనిషి ఛాతీ విరుచుకుని వెళ్తున్నాడు, ఇంకేం కావాలి అనుకునేవాడు. పైగా జీవితం మారిపోయిందని చెబుతున్న ఆ రెండు నిమిషాలూ అతనికే ఒళ్ళు తేలికపడేది. ఎందుకంటే, షాపులో చేరిన మొదటి ఏడాదే అతను అక్కడినుంచి వెళ్ళిపోవాలనుకున్నాడు. మరుసటి ఏడాదీ అనుకున్నాడు. ఇప్పటికి ఇరవై ఏళ్ళుగా అనుకుంటూనే ఉన్నాడు. ఆ సంగతి యజమానికి తెలియదు, ఇంట్లో భార్యకూ తెలియదు. కాలు నిలవకపోవడం అతని తీరని అందరూ సరిపెట్టుకున్నారు.

ఒక శనివారం సాయంత్రం షాపు కిటకిటలాడుతుండగా ఒకావిడ నేరుగా అతని దగ్గరికొచ్చింది. మడిచిన తెల్లకోటు ముంజేతి మీద వేలాడుతోంది. రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తున్నానని చెప్పి, సంచీలోంచి ఒక పుస్తకం తీసి బల్లమీద పెట్టింది. దాని పేరు 'తాడు తెంచుకో'.

"వాపసు కుదరదమ్మా. కావాలంటే ఇంకోటి మార్చి ఇస్తాను," అన్నాడు బొంగరం, అరలోంచి వేరే పుస్తకం అందుకుంటూ.

"వాపసుకు రాలేదండీ. దీన్ని మా ఆయనకు ఇచ్చింది మీరేనా? టైర్ల గోడౌన్‌లో స్టోర్‌కీపరు. పొడుగ్గా ఉంటారు."

బొంగరానికి వెంటనే గుర్తొచ్చింది. గోళ్ళ సందుల్లో నల్లటి రబ్బరు మరకలున్న మనిషి. పుస్తకాన్ని తీసీ పెట్టీ, తీసీ పెట్టీ అరగంట ప్రాణం తీశాడు.

"నేనేనమ్మా. ఎలా ఉందన్నారు?"

"సోమవారం రాజీనామా ఇచ్చేస్తున్నారు."

బొంగరం చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"ఇంకో ఉద్యోగం చూసుకున్నారా అంటే పలకరు," అందావిడ. "నా ఒక్కదాని జీతంతో ఇల్లు నడవదు. గట్టిగా అడిగితే మీ పేరే ఎత్తుతున్నారు. ఆ షాపాయన కూడా ఆఫీసులో కుర్చీ ఉద్యోగం వదిలేసి వచ్చాడు, ఇప్పుడెంత హాయిగా ఉన్నాడో వెళ్ళి చూడు అంటున్నారు."

అప్పుడు గుర్తొచ్చింది అసలు సంగతి. ఆ రోజు మామూలు మాటకు ఆ మనిషి లొంగలేదు. దాంతో బొంగరం ఇంకో రెండు కోతలు ఎక్కువే కోశాడు. తానొక ఆఫీసులో పనిచేసేవాడినని, ఈ పుస్తకం పూర్తి చేసిన మర్నాడే రాజీనామా మొహాన కొట్టి వచ్చేశానని, మళ్ళీ వెనక్కి తిరిగి చూడలేదని చెప్పాడు. పుట్టి బుద్ధెరిగాక అతను ఏ ఆఫీసు మెట్లూ ఎక్కినవాడు కాదు.

"మిమ్మల్ని తప్పు పట్టడానికి రాలేదండీ," అంది ఆవిడ. "రేపు ఆదివారం ఒక్కసారి మా ఇంటికి రండి. మానేశాక మొదట్లో మీరూ ఇబ్బంది పడే ఉంటారు కదా. అదంతా దాచకుండా ఆయనకు చెప్పండి. ఇప్పుడు మీ మాట తప్ప ఇంకెవరి మాటా ఎక్కడం లేదు."

బొంగరం ఇరుకున పడ్డాడు. మానని ఉద్యోగం మానేశాక పడిన ఇబ్బందులు ఏమని చెబుతాడు? కాదంటే ఎందుకని అడుగుతుంది. తలూపి, అడ్రసు రాయించుకుని, ఆవిడ వెళ్ళాక అరలోంచి 'తాడు తెంచుకో' ఇంకో ప్రతి తీసుకుని ఇంటికి పట్టుకెళ్ళాడు.

ఆదివారం తెల్లవారగానే చదవడం మొదలుపెట్టాడు. కూర్చుని కాదు, వంటింటి నుంచి వీధి గుమ్మం దాకా, మళ్ళీ వీధి గుమ్మం నుంచి వంటింటి దాకా తిరుగుతూ. అతని భార్య ముందుగదిలో మిషను మీద స్కూలు యూనిఫారాలు కుడుతోంది. కాసేపు ఊరుకుంది గానీ, తర్వాత ఉండబట్టలేకపోయింది.

"చదువుతున్నారా, మోస్తున్నారా?"

"చదువుతున్నానే."

"ఒంట్లో బాగానే ఉంది కదా?"

అతను పేజీ తిప్పాడు. పేజీ తిప్పినకొద్దీ అతని మొహం వెలిగిపోతోంది. ఎక్కడ చూసినా ఉద్యోగం మానేయమన్న మాట లేదు. వెనక అట్ట మీదేమో 'నీ మెడకు తాడు కట్టింది ఎవరు?' అని ఉరిమారు గానీ, లోపల చూస్తే ఆ తాడు కోపమట, వాయిదా వేసే అలవాటట, పొద్దస్తమానం ఫోను చూసుకోవడమట. ఒకచోట అయితే చేతిలో ఉన్న పనినే శ్రద్ధగా చేసుకోమని కూడా రాశారు. బొంగరానికి ప్రాణం లేచొచ్చింది. పుస్తకం తెరిచి ఈ పేజీ చూపిస్తే సరి, ఆ మనిషి ఉద్యోగం ఉంటుంది, తన పరువూ ఉంటుంది. చెప్పులేసుకుని బయల్దేరాడు.

వాళ్ళది రెండో అంతస్తు. ఇరుకు మెట్లు, మెట్ల మలుపులో నీళ్ళ డ్రమ్ము, తలుపు పక్కన ఆరేసిన తెల్లకోటు. స్టోర్‌కీపరు ఎదురొచ్చి రెండు చేతులూ పట్టుకున్నాడు.

"మీరే వచ్చారా సార్. రండి, కూర్చోండి."

బొంగరం కూర్చోలేదు. కిటికీ దాకా వెళ్ళి, తిరిగొచ్చి, పుస్తకం తెరిచి, ముందుగా అనుకున్నదంతా గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పాడు. ఆవిడ టీ గ్లాసులు పట్టుకుని వంటింటి గుమ్మంలోనే ఆగిపోయి వింటోంది.

స్టోర్‌కీపరు అడ్డు రాకుండా మొత్తం విన్నాడు. "తెలుసు సార్. రెండుసార్లు చదివాను. మానేయమని అందులో ఎక్కడా లేదు," అన్నాడు.

"మరి?"

"రాసినాయన ఎవరో, ఎలా బతుకుతున్నాడో నాకేం తెలుసు? మీరు నా ఎదురుగా నిలబడి చెప్పారు. మానేసిన మనిషి ఎలా ఉంటాడో కళ్ళారా చూశాను. అది చాలనుకున్నాను."

అక్కడితో బొంగరం తెలివి ఆవిరైపోయింది. ఇంకో దారి లేకపోలేదు. మానేశాక పస్తులున్నానని, చుట్టాలు మొహం చాటేశారని, ఏళ్ళ తరబడి ఏడ్చానని చెప్పొచ్చు. అలాంటి కథలు అల్లడం అతనికెంతసేపు? మొదటి మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. ఈలోగా గుమ్మంలో ఉన్న ఆవిడ వంక చూశాడు. ఆవిడ ఇంకా అతన్ని నమ్ముతూనే ఉంది. అతనికి సిగ్గేసింది.

"నేను ఏ ఉద్యోగమూ మానలేదండీ," అన్నాడు. "ఆఫీసూ లేదు, కుర్చీ లేదు. పుస్తకం అమ్ముడుపోవాలని చెప్పాను. దీన్ని చదవడం కూడా ఇవాళే మొదలుపెట్టాను. నా మాట పట్టుకుని తొందరపడకండి."

ఆవిడ గ్లాసులు బల్లమీద పెట్టేసింది. తిడతాడేమోనని బొంగరం కాచుకుని ఉన్నాడు గానీ, స్టోర్‌కీపరు తిట్టలేదు.

"ఆ షాపులో ఎన్నాళ్ళుగా ఉన్నారు?" అని అడిగాడు.

"ఇరవై ఏళ్ళు."

"ఇష్టంగానే ఉన్నారా?"

అవునంటే పోయేది. ఆ ఒక్క మాటతో వచ్చిన పని అయిపోయేది. కానీ ఒకసారి నిజం చెప్పడం మొదలెట్టిన నోరు దాని దారిన అది పోయింది.

"లేదండీ. చేరిన ఏడాదే పోదామనుకున్నాను. ఇప్పటికీ షట్టరు తీసిన ప్రతి పొద్దునా అనుకుంటాను. ఈ నెల గడవనీలే అనుకుంటాను. అది గడుస్తుంది, ఇంకోటి వస్తుంది."

స్టోర్‌కీపరు అతన్ని ఎగాదిగా చూశాడు. బొంగరం ఒక కాలు మీద నుంచి ఇంకో కాలు మీదకి మారుతూ, బల్లమీద పడున్న వాళ్ళ పాప పెన్సిళ్ళను తనకు తెలియకుండానే పొడుగు ప్రకారం పేర్చేశాడు. అది కూడా చూశాక ఆయన భార్య వైపు తిరిగాడు.

"నా భయం ఇదే. ఇలా అయిపోతానేమోనని," అన్నాడు.

మాటలో ఎగతాళి లేదు, కోపం లేదు. అందుకే బొంగరానికి చెంప ఛెళ్ళుమన్నట్టయింది. అబద్ధం చెబితే ఆ మనిషి మానేద్దామనుకున్నాడు, నిజం చెబితే తప్పకుండా మానేయాలని తేల్చుకున్నాడు. ఇక తను చెయ్యగలిగింది ఏమీ లేదు.

"ఎన్నాళ్ళుగా ఉంది ఈ భయం?" అని అడిగింది ఆవిడ.

"మూడేళ్ళుగా."

"నాతో ఒక్క ముక్క అనలేదే."

"ఏమని చెప్పను? టైర్లు లెక్కపెట్టీ పెట్టీ మనుషులు కూడా గుండ్రంగా కనిపిస్తున్నారని చెప్పనా?"

ఆవిడకు నవ్వొచ్చింది గానీ ఆపుకుంది. "సరే, మానేసి ఎక్కడికి పోతారు?"

"బడి సందులో మా బాబాయి సైకిల్ రిపేరు షెడ్డు ఉంది కదా. ఆయనకు చూపు ఆనడం లేదు. వచ్చి చూసుకోమని ఎప్పటినుంచో అడుగుతున్నాడు."

"సెలవు రోజుల్లో మీరు మాయమయ్యేది అక్కడికేనా?"

ఆయన తలూపాడు. ఆవిడ కుర్చీ లాక్కుని ఆయన ఎదురుగా కూర్చుంది. "రేపు రాజీనామా ఇవ్వకండి. ముందు నన్ను ఆ షెడ్డుకు తీసుకెళ్ళండి. నేనూ చూస్తాను, ఆ తర్వాత మాట్లాడుకుందాం," అంది. ఆయన సరేనన్నాడు. ఆ తర్వాత షెడ్డుకు కరెంటు ఉందా, వానకు కారుతుందా అని ఆవిడ అడుగుతుంటే ఆయన ఒక్కోటీ చెప్పుకుంటూ పోయాడు. వచ్చిన మనిషి ఇంకా నిలబడే ఉన్నాడన్న ధ్యాస ఇద్దరికీ లేదు. బొంగరం చప్పుడు చేయకుండా తలుపు దగ్గరికి లాగి మెట్లు దిగాడు.

బస్సు ఎక్కకుండా నడిచే ఇంటికెళ్ళాడు. దారి పొడుగునా కాలుకాలిన పిల్లిలా ఒకసారి త్వరత్వరగా, ఒకసారి ఆగి ఆగి నడిచాడు. ఆ మనిషి అన్నమాట చెవిలో జోరీగలా తిరుగుతోంది. దానికన్నా ఎక్కువగా బాధపెట్టింది ఇంకొకటి ఉంది. ఆ స్టోర్‌కీపరును చూస్తే అతనికి అసూయగా ఉంది. అలా ఉందని ఒప్పుకోవడానికి సగం దారి పట్టింది.

అతను ఇంటికి చేరేసరికి భార్య ఇంకా మిషను దగ్గరే ఉంది. "ఎక్కడికెళ్ళారు?" అని అడిగింది. అతను దాచలేదు. పుస్తకం సంగతి, తను కోసిన కోతలు, అక్కడ ఒప్పుకున్నది, చివరికి ఆయన అన్నమాట, అన్నీ చెప్పాడు. మధ్యలో ఎక్కడో మిషను ఆగింది.

"ఇరవై ఏళ్ళుగా పోదామనుకుంటున్నారా?"

"ఊఁ."

"ఊరందరికీ మీ జీవితం గురించి చెప్పారు. నాకు చెప్పడానికి మాత్రం తీరలేదన్నమాట," అంది ఆవిడ. ఆ గొంతులో కోపం కన్నా నొచ్చుకోవడమే ఎక్కువగా ఉంది. "మీకది బాగా ఇష్టమైన పనని నేను నలుగురికీ గొప్పగా చెప్పుకుంటూ వచ్చాను."

అతను తల దించుకున్నాడు. ఆవిడ కుడుతున్న గుడ్డను పక్కకు తోసి, అతని వైపు తిరిగింది.

"సరే, పోదామంటే పోదాం. నా మిషను ఎక్కడైనా తిరుగుతుంది. ఏం చేద్దామనుకున్నారు? ఎక్కడికి?"

బొంగరం నోరు తెరిచాడు. ముక్కూమొహం తెలియనివాడు వచ్చి అడిగినా ఎటు పోవాలో రెండు నిమిషాల్లో చెప్పి పంపించే మనిషి అతను. ఇప్పుడు ఎంత వెతికినా ఒక్క మాట దొరకలేదు. ఇన్నేళ్ళూ ఆ షాపులోంచి బయటపడాలని మాత్రమే అనుకున్నాడు, బయటపడ్డాక ఏం కావాలో ఒక్కనాడూ అనుకోలేదు.

"ఏమో, తెలియదు," అన్నాడు.

ఆవిడ మళ్ళీ మిషను మొదలుపెట్టలేదు. జవాబు కోసం అతని వంకే చూస్తూ కూర్చుంది.