తడిసిన కాళ్ల గంధం

కంకిపాడు దగ్గర ఓ దర్గాకు సిలార్ సాయిబు తాతల నాటి ముజావరు, అంటే దర్గా సేవ చూసుకునేవాడు. ఏటా ఉరుసు పండగకు గంధం అరగదీసి, ఆ గంధం బిందె నెత్తిన పెట్టుకుని దర్గాకు చేర్చడం ఆ ఇంటి హక్కు. దర్గాకు కమిటీ వచ్చాక దాని అధ్యక్షుడు జిలానీ, సాయిబు గుమ్మంలో చెప్పులిడిచి బిందె ఎత్తుకుని ఫొటో దిగేవాడు. బరువు సాయిబుకిచ్చి కారెక్కేవాడు. దర్గా దగ్గర మళ్లీ లాక్కుని ఇంకో ఫొటో దిగేవాడు. పేపర్లో పేరూ ఆయనదే. సాయిబు, "బాబాకి తెలుసులే" అని ఊరుకునేవాడు.

ఈ ఏడు ఫొటో తీస్తుండగానే ఎదురింటి సుబ్బరత్నమ్మ వచ్చి, బిందె ఎవరి నెత్తినుందో చూసుకోకుండా, మొక్కు కొద్దీ జిలానీ కాళ్ల మీద చెంబెడు నీళ్లు పోసేసింది. అలా కాళ్లు తడిస్తే బిందె దర్గా దాకా చేయి మారకూడదని అక్కడి ఆచారం.

"ఫొటో కోసం ఎత్తానమ్మా."

"ఫొటోకైతే మాత్రం, తడిసిన కాళ్లు తడిసినట్టే గదా నాయనా. నడువు."

జిలానీ సాయిబు వైపు చూశాడు. "చాచా, కాస్త పట్టుకో."

"నాకూ పట్టుకోవాలనే ఉంది బాబూ. ఆచారం ఒప్పుకోదే."

దారి పొడవునా ఆడవాళ్లు నీళ్లు పోశారు, ఉత్తికాళ్లకు కంకర గుచ్చుకుంది, కారు వెనకాలే ఖాళీగా వచ్చింది. దర్గా చేరేసరికి జిలానీ మెడ కెమెరా వైపు తిరగలేదు.

"వచ్చే ఏడు నువ్వే ఎత్తు చాచా."

"ఆ మాట ఇప్పుడే నలుగురిలో అను బాబూ. మెడ బాగుపడితే మర్చిపోతావు."

జిలానీ నలుగురిలోనూ ఆ మాట అన్నాడు. మెడ కూడా బాగుపడింది. ఇక మాట నిలబెట్టాల్సింది మనమే. మీ ఊరి ఉరుసులో బిందె ముజావరు నెత్తిన లేకపోతే, ఎందుకు లేదని కమిటీని అడగండి. అడిగాకే నీళ్లు పోయండి.