బాపు దాచిన గోలీలు

పొద్దున్నే గొర్రెల దొడ్డి తడిక తీయకముందు మా బాపు బీపీ గోలీల షీటును బొటనవేలితో నొక్కుతాడు. టప్పుమనే ఆ చిన్న చప్పుడు వంటింట్లో ఉన్న నాకు వినబడుతుంది. వెంటనే సుగుణక్క గుర్తొస్తుంది. రామన్నపేట దగ్గర మా ఊరి సబ్‌సెంటర్లో ఆమె నర్సుగా ఉండేది. నేను ఆశా కార్యకర్తగా చేరిన కొత్తలో ఇంటింటికీ తిరిగి బీపీ, షుగర్ చూడడం నేర్పింది ఆమే.

అప్పట్లో నాకు ఉపన్యాసాలంటే మహా సరదా. గడప తొక్కగానే ఉప్పు తగ్గించండి, నూనె తగ్గించండి అని మొదలుపెట్టేదాన్ని. అక్క మాత్రం చెప్పులు విడిచి నేరుగా పొయ్యి దగ్గరికి పోయి, "ఏం వండినవే? జర నాక్కూడ పెట్టు" అనేది. అరచేతిలో పెట్టించుకుని రుచి చూసేది. ఏ ఇంట్లో ఎంత ఉప్పు తింటారో ఆమెకు అట్లా తెలిసేది. "వాళ్ల కుండల ఏమున్నదో చూడకుంట ఏం చెప్తవు పిల్లా?" అని దారిలో నన్ను మందలించేది. నాకు లోపల ఉక్రోషంగా ఉండేది.

ఒకరోజు మా ఇంటికే వచ్చింది. బాపుకు బీపీ ఉందని అంతకుముందే తేలింది. నెలనెలా గోలీలు నేనే తెచ్చిచ్చాను, వేసుకుంటున్నాడని రిజిస్టర్లో నేనే రాశాను. సొంత తండ్రే కదా, అడిగేదేముంది అనుకున్నాను. బీపీ చూసిన అక్క ముఖం మారిపోయింది. "గిట్లనే ఉంటే పక్షవాతం వస్తది" అని నాకు మాత్రమే వినబడేలా అంది. గోలీలేవని బాపును అడిగింది. ఆయన మడత పెట్టిన గొంగడిలోంచి షీట్లన్నీ తీసి మంచం మీద పెట్టాడు. ఒక్కటీ చిరగలేదు.

"తల తిరిగిననాడు ఏసుకుందమని దాచిన. మంచిగున్న గొర్రెకు మందు తాపుతమా నర్సమ్మా?" అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

అక్క కోప్పడలేదు. "వానలు పడంగనే నట్టల మందు తాపుతవు గద అన్నా. సుస్తైన గొర్రెకేనా, మంద మొత్తానికా?"

"మంద మొత్తానికి."

"మంచిగున్నయాటికి గూడ ఎందుకు?"

బాపు మంచం మీది షీటొకటి చేతిలోకి తీసుకున్నాడు. "లోపటి పురుగు కండ్లకు కానరాదు గద" అన్నాడు. అని, నీళ్ల కోసం నా వైపు చేయి చాపాడు. తర్వాత అక్క మా జొన్నరొట్టెను ఉప్పటి పచ్చడితో తిని, "రొట్టె ఇడువకు, గీ తొక్కు మాత్రం తగ్గియ్యి" అంది.

వాకిట్లో నేను ఏడ్చేశాను, తప్పు రాశానని. "రాసింది కొట్టెయ్యి. రేపటి సంది చూసి రాయి" అంది.

అక్క కాలం చేసి రెండేళ్లయింది. ఇప్పుడు ఏ ఇంటికి పోయినా ముందు పొయ్యి దగ్గరికే పోతాను. తిండిపోతు ఆశమ్మ అని నవ్వుతారు, నవ్వనీ. మా ఇంట్లో మాత్రం పొద్దున ఆ చప్పుడు కోసం చెవి ఒగ్గి నిలబడతాను. అది బాపుకు తెలియదు. గోలీ మింగి, తడిక తీసి, తన కాళ్ల మీద తాను మంద వెంట నడిచిపోతాడు.