బిడ్డ తరఫు మనిషి

సోమవారం. పొద్దున కొళాయి నీళ్ళు పట్టాను, బియ్యం ఏరాను, శెనక్కాయలు మిద్దె మీద ఎండబోశాను. పప్పు ఉడుకుతుండగా కబురొచ్చింది, ఎదురింటి అక్క ఆసుపత్రిలో పోయిందని. పొయ్యి ఆర్పి వెళ్ళాను.

అనంతపురంలో మా వీధికి ఆమె రిటైరైన టీచరు. పనికని చెప్పి ఎవరో అమ్మేస్తే, విడిపించి తెచ్చిన పిల్లలకు మాత్రం తమ తరఫున మాట్లాడే మనిషి. ఏ ఆఫీసు జీతమూ తీసుకోలేదు. సర్కారు ఆ పిల్లలకు బాలసదనంలో చోటు, బడి, పరిహారం ఇస్తుంది. దాన్ని ఆమె ఎన్నడూ తక్కువ చేయలేదు. "సర్కారుకు శానామంది బిడ్డలుండారు. ఈ బిడ్డ దిక్కు చూసే మనిషి ఒకరన్నా ఉండాల గదా" అనేది. ఏం జరిగిందని పిల్లలను అడిగేది కాదు. జడ వేస్తూ కూర్చునేది. వాళ్ళు చెప్పినప్పుడు వినేది.

ఒకసారి బాలల సంక్షేమ సమితి విచారణకు నన్నూ తోడు తీసుకెళ్ళింది. కణేకల్ వైపు పిల్ల. ఇలాంటి పిల్లల పేరు ఎక్కడా రాయకూడదని అక్కే నేర్పింది. బెంగుళూరులో ఒక ఇంట్లో చాకిరీ చేస్తుంటే పోలీసులు విడిపించారు. తల్లిదండ్రులు లేరు. మేనమామ కొత్త బట్టలు, గాజులు పట్టుకుని వచ్చాడు. మా వైపు పుట్టువెంట్రుకలు తీసేది మేనమామ ఒళ్ళోనే. ఆయన్ని అనుమానించాలని ఎవరికీ తోచదు. సభ్యులు ఆయన ముందే పిల్లను అడిగారు, మామతో పోతావా అని. తలూపింది. నాకూ మనసు కుదుటపడింది. ఇక సంతకాలే మిగిలాయి.

అక్క లేచింది. "ఆయప్ప బయట ఉండాల సార్. బిడ్డను ఒక్కదాన్నే అడగండి."

"సొంత మామను నేను. నడుమ నువ్వెవరమ్మా?" అన్నాడాయన.

"నేను ఈ బిడ్డ మనిషినప్పా. నువ్వెవరి మనిషివో బిడ్డే చెప్తాది."

సభ్యురాలు ఒకామె కాస్త ఆలోచించి ఆయన్ని బయటికి పంపింది. తలుపు మూశాక కూడా పిల్ల ఆ తలుపు వైపే చూస్తూ కూర్చుంది. ఎవరూ తొందరపెట్టకుండా అక్క చేత్తోనే వారించింది. చివరికి పిల్ల నోరు విప్పింది.

"మామే బస్సెక్కిచ్చినాడు. అడ్వాన్సు తీసుకున్నాడు. మళ్ళా పంపిస్తాడు."

మామ మీద కేసయింది. పిల్లను బాలసదనంలోనే ఉంచమని ఆర్డరు రాశారు. ఇప్పుడా పిల్ల నర్సింగు చదువుతోంది.

విచారణ అయిన ఆ మధ్యాహ్నం బాలసదనం గడప దగ్గర పిల్ల ఆగిపోయింది. అక్క కొంగు వదల్లేదు. మీరిక వెళ్ళవచ్చని వార్డెన్ అంది. అక్క చెప్పులు విడిచి, పిల్లతో పాటు లోపలికి నడిచింది. నేను వరండాలో కూర్చున్నాను. పొద్దు వాలేదాకా ఆమె అరిగిన చెప్పులు పిల్ల చిన్న చెప్పుల పక్కనే ఉన్నాయి.