గొంతు తగ్గించే అక్క

గల్ఫ్‌లో, హవల్లీలోని మా ఆఫీసులో ఇంగ్లండు శాఖ జీతాలు చూసే అక్కది అమలాపురం. అవతలివాళ్లు ఎంత గట్టిగా అరిస్తే ఆవిడ అంత గొంతు తగ్గించేది.

ఓసారి అక్కడి సేల్స్‌మన్ ఒకాయన ఫోన్‌లో విరుచుకుపడ్డాడు. ఏడాది మధ్యలో కంపెనీ కారు తిరిగిచ్చేసినా, ఇంకా కారున్నట్టే దానికీ జీతంలో పన్ను కోస్తున్నారట.

"కారు లేదని ట్యాక్సు ఆఫీసుకి మేం తెలియజేస్తాం. మీకెంత పన్ను కోయాలో చెప్పే ట్యాక్స్ కోడ్ మారాక, ఎక్కువ కోసింది జీతంలో కలిసొస్తుంది," అంది అక్క ఇంగ్లీషులో, మెల్లగా. "ఇంతకీ కారెందుకు ఇచ్చేశారు?"

ఆయన గొంతూ తగ్గింది. చూపు మందగించిందట. భార్య భయపడుతుందని, కారు కంపెనీయే తీసేసుకుందని ఇంట్లో అబద్ధం చెప్పాడట.

"కోడ్ సంగతి నేను చూసుకుంటాను. ఇంట్లో నిజం మీరు చెప్పండి," అంది అక్క.

కోడ్ మారాక ఆయన భార్యే ఫోన్ చేసింది. ఆయన నిజం చెప్పేశాడట. ఇప్పుడు చిన్న కారు కొని ఆవిడే నడుపుతోందట. ఆయన పక్కన కూర్చుని దారి చెబుతున్నాడట.

ఫోన్ పెట్టేసి అక్క నావైపు తిరిగింది.

"చూపు ఆననాయన దారి చెప్పడవేంటే, ఆవిడ వినడవేంటే!" అని పడీపడీ నవ్వింది. నవ్వాగాక నెమ్మదిగా అంది: "పోన్లే, ఇద్దరూ ఒకే కార్లో ఉన్నారు."