పసుపు పట్టిన కొలబద్ద

మంగళవారం పొద్దుగాల పదకొండు గంటలకు, కేసముద్రం రోడ్డు మీద మా మామ కొలబద్దకు ధర కట్టిన్రు. తెలంగాణ కోసం సమ్మె నడుస్తున్న దినాలు.

అది నాలుగు మడతల బద్ద. విప్పితే రెండడుగులు, మడిస్తే జేబుల పడుతది. మడతల కాడ ఇత్తడి, మిగిలిందంతా తెల్లగ, నున్నగ. మామ వడ్లాయన, కట్టె పని చేసేటోడు. దాని మీది అంకెలు ఆయనకు రావు. అందుకే తలుపుకో గాటు, కిటికీకో గాటు, మంచం పట్టెకో గాటు అంచు మీద కోసిపెట్టుకున్నడు. అదే పని చేసే మా ఇంటాయనకు కూడ ఆ గాట్లే వచ్చు. నేను తల నెరిసినంక రాత్రిబడికి పోయి అంకెలు నేర్చుకొని ఆయనకు చెప్పబోతే, నీ బడి నీకాడ్నే ఉంచుకోమన్నడు. టేపు కొనిస్తే దానితోని బియ్యం మూట కట్టిండు. బద్ద పోతే ఆయన పని పోయినట్టే.

మామ పోయినంక అన్నదమ్ములు అన్నీ పంచుకున్నరు, బద్ద ఒక్కటే మిగిలింది. మరిది భూపాలపల్లిల కూలి చేస్తడు. అది ఏనుగు దంతమని ఆయనకెవరో చెప్పిన్రు. జనగామల పాత సామాన్లు కొనే సేటుకు అమ్మి చెరిసగం తీసుకుందామని మహబూబాబాద్‌ల మా ఇంటికొచ్చి కూసున్నడు.

తమ్ముని వాటా కాదనలేక మా ఇంటాయన కూడ లేచిండు. బస్సులు బందుంటే ముగ్గురం ఆటోల చుట్టు తొవ్వల జనగామకు బయలెల్లినం. కేసముద్రం కాడ మనోళ్లే రోడ్డు ఆపి, రోడ్డు మీదనే పొయ్యి పెట్టి వంట చేస్తున్నరు. మేము కూడ తెలంగాణోళ్లమే, అర్జంటు పనున్నదని మరిది అంటే, అయితే ఉల్లిగడ్డలు కొయ్యమని కత్తి చేతిల పెట్టిన్రు. కోసిండు.

కోసుకుంటనే అందరికీ బద్ద చూపించిండు. రిటైరైన సారొకాయన ఇంగ్లీషోళ్లు రైలు పట్టాలేసినప్పటిదన్నడు. లారీ డ్రైవరు దర్జీలదన్నడు, దీన్ని నడుం చుట్టు ఎట్ల తిప్పుతరో మాత్రం చెప్పలే. మైకు పట్టుకున్నాయన అది నిజాం దర్బారుదని మైకుల చెప్పిండు, జనం చప్పట్లు కొట్టిన్రు. చెయ్యి మారినకొద్దీ ధర పెరిగింది. మా ఇంటాయన మొఖం చిన్నగైంది.

అసలు దంతమైతే రంగు పట్టదని సారు అన్నడు. అంతే, మరిది లేచి బద్దను విప్పి ఉడుకుతున్న పసుపు పప్పుల ముంచిండు.

వంట చేసే అవ్వ గంటెతోని ఆయన మోచేతి మీద ఒక్కటిచ్చింది. "నీ దంతం పాడుగాను, ఇంతమంది తినే పప్పుర గిది."

"జర ఆగవ్వా, ధర తేలుతున్నది."

తీస్తే పచ్చగైంది. కండువతోని ఎంత రుద్దినా పోలె. కట్టెనే అని సారు తేల్చిండు. దంతానికి నిజంగనే రంగు పట్టదో లేదో నాకిప్పటికీ తెల్వదు, సారుకు కూడ తెల్వదనుకుంట.

"వదినె, గిప్పుడు సేటు కొంటడంటవా?"

"పప్పు వాసనొస్తున్నది. నేనైతే కొన."

మరిది దాన్ని మడిచి అన్న జేబుల పెట్టిండు. "నువ్వే ఉంచుకోయే."

మా ఇంటాయన మళ్ల తీసి, విప్పి, బొటనవేలితోని అంచు తడిమిండు. గాట్లన్నీ ఉన్నయి. ఇప్పుడు వాట్ల పసుపు దిగి దూరంకెల్లి కూడ కనపడుతున్నయి. అవసరం లేకున్నా పప్పు గిన్నె మూతి కొలిచి, కిటికీ గాటుకు ఎక్కువ, తలుపు గాటుకు తక్కువ అన్నడు.

పప్పు ఇత్తడి కంపు కొట్టింది. అందరం తిన్నం.

ఆనాడు ఆడ ఉన్నోళ్లు: మా ఇంటాయన, మరిది, నేను, ఆటో అతను, సారు, లారీ డ్రైవరు, మైకాయన, అవ్వ, మమ్మల్ని రోడ్డు మీదికెల్లి లేపనీకొచ్చి రెండోసారి పప్పు పోయించుకున్న పోలీసాయన.